కణాలన్నీ కదిలే వీడియో చూస్తే పిండం ఎలా తయారవుతుందో తెలిసినట్టేనా?

చారలచేప: 2008లో జర్మనీలో హైడెల్‌బర్గ్‌లోని ఈఎంబీఎల్ అనే జీవశాస్త్ర పరిశోధనశాల వాళ్లు జీబ్రాఫిష్ పిండంలో మొదటి 24 గంటలూ కణకేంద్రకాలు ఎటు పోతున్నాయో లైట్‌షీట్ మైక్రోస్కోపుతో రికార్డు చేశారు. పక్కనుంచి పలచటి వెలుగు పొర ఒక్కటే పడుతుంది కాబట్టి పిండానికి దెబ్బ తక్కువ. నిన్న మళ్లీ చూశాను. కణాలు పచ్చసొన మీద టోపీలా మొదలై కిందికి పాకుతాయి, ఆరో గంటకి అంచు దగ్గర కొన్ని లోపలికి మడుచుకుని పైకి ఎక్కుతాయి. ఇంతకంటే జవాబు ఏం కావాలి?

గుడ్డుపొర: ముందు అగరోజ్, అదే పిండాన్ని కదలకుండా పట్టి ఉంచే జెల్, దాని సంగతి చెప్పండి. జెల్‌లో బిగించిన పిండం కదలిక సహజమని ఎలా అంటారు? మొదటి ఏడాది నేను 1.5 శాతంలో పెట్టాను. రాత్రంతా రికార్డు చేసి పొద్దున చూస్తే తోక చోటు లేక వంకర తిరిగింది. మ్యూటెంట్, అంటే జన్యువు మారిన పిండం, అనుకుని మూడు వారాలు దాని వెంట పడ్డాను.

కప్పపిల్ల: మాకూ ఇదే అయింది.

చారలచేప: తోక పెరిగేది పదో గంట దాటాక. నేను అంటున్నది ఆరో గంట గురించి. అప్పుడు పిండం గుండ్రంగా ఉంటుంది, జెల్ ఏం చేస్తుంది?

గుడ్డుపొర: 24 గంటలు అన్నది మీరే.

చారలచేప: అగరోజ్ పట్టుకుని వేలాడకండి.

గుడ్డుపొర: సరే, వదిలేస్తాను. కదలిక చూడటం వేరు, కారణం తెలియడం వేరు. 1996లో బయటపడ్డ 'హాఫ్ బేక్డ్' మ్యూటెంట్లలో కణాలు సొనని పూర్తిగా కప్పకుండా మధ్యలో ఆగిపోతాయి. లోపం ఈ-క్యాడ్‌హెరిన్ జన్యువులో ఉందని 2005లో తేలింది, అంటే కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే జిగురు. దానికి లైట్‌షీట్ అక్కర్లేకపోయింది.

చారలచేప: 2008 వాళ్లు మ్యూటెంట్లనీ రికార్డు చేశారు. చదవకుండా మాట్లాడకండి.

గుడ్డుపొర: చదవకుండానా? రెండేళ్లు చీకటి గదిలో కూర్చుని ట్రాకులు, అంటే ఒక్కో కణం వెళ్లిన దారి గీతలు, చేత్తో దిద్దినవాణ్ణండి. ఫ్రేముకి వెయ్యిలో ఒక్క తప్పు అనుకోండి, 600 ఫ్రేములయ్యేసరికి మొదట్నుంచి చివరిదాకా సరిగ్గా ఉన్న ట్రాకులు 55 శాతమే మిగులుతాయి. కణం చీలినప్పుడు పిల్ల కణం పక్కదానితో కలిసిపోతుంది, మళ్లీ వెనక్కి వెళ్లి క్లిక్ చేయాలి. చివరికి పేపర్లో 'సాఫ్ట్‌వేర్ గుర్తించింది' అని రాశారు, నా పేరు లేదు.

పిల్లకాలువ: అయ్యో.

చారలచేప: అది అన్యాయమే, కాదనను. కానీ నేను చదివిన కాలేజీలో ముప్పైమందికి ఒకే మైక్రోస్కోపు, దాని ఫోకస్ స్క్రూ తిరిగేది కాదు. ఆ వీడియో చూసే ఈ లైన్లోకి వచ్చాను. మీరు వట్టి బొమ్మ అన్నట్టు మాట్లాడుతుంటే ఊరుకోలేకపోయాను.

గుడ్డుపొర: వట్టి బొమ్మ అని ఎక్కడన్నాను? అందులో ఒక్కో గీత వెనకా ఎవరో కూర్చుని ఉంటారు, యంత్రం చూపించిందని మీరు అంటుంటే నాకు కోపం వస్తుంది.

చారలచేప: దిద్దిన ట్రాకులు, దిద్దనివి విడివిడిగా పెట్టాలంటే ఒప్పుకుంటాను. చూడటం తక్కువ పని అంటే మాత్రం ఒప్పుకోను.

కప్పపిల్ల: రేపు పొద్దున లైట్లు వేయగానే మా చేపలు గుడ్లు పెడతాయి. అగరోజ్ ఎంత వాడాలో చెప్పండి.

గుడ్డుపొర: ఎఫ్ఈపీ అనే పారదర్శక ప్లాస్టిక్ గొట్టంలో 0.1 శాతం అగరోజ్ పోయండి. అడుగున గట్టి అగరోజ్ బిరడా పెట్టండి. తోకకి చోటుంటుంది.