6 అడుగుల 6 అంగుళాల ఫార్వర్డ్‌ని సెంటర్‌గా ఆడించొచ్చా?

ప్రశ్న: మాది అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి వచ్చిన మా ఫార్వర్డ్ 6 అడుగుల 6 అంగుళాలే. బలముంది, మూడు పాయింట్ల షాట్ అంతంతే. ఫోర్‌లోనా (పవర్ ఫార్వర్డ్), ఫైవ్‌లోనా (సెంటర్)?

జవాబు 1: షాట్ లేకుండా ఫోర్‌లో కష్టమండీ. 2019-20 నుంచి ఆర్క్ (మూడు పాయింట్ల గీత) బాస్కెట్‌కి 22 అడుగుల 1¾ అంగుళాల దూరం. అతని డిఫెండర్ అతన్ని వదిలేసి పెయింట్‌లో (బాస్కెట్ ముందు రంగు వేసిన చోట) కాపు కాస్తాడు, బంతి నడిపే మన గార్డులకు దారుండదు. ఫైవ్‌లో స్క్రీన్ పెట్టి (గార్డు డిఫెండర్‌కి ఒంటితో అడ్డు నిలిచి) రోల్ అయితే (బాస్కెట్ వైపు తిరిగి పరిగెడితే) అవతలి పొడుగు సెంటరే బయటికి రావాలి.

జవాబు 2: మరి డిఫెన్స్‌లో? ఏడడుగులవాడు పోస్టులో (బాస్కెట్ దగ్గర) నిలబడితే ఐదు ఫౌల్స్ అయి బయటికి పోవడం ఎంతసేపు! బంతి అందకముందే ముందుకొచ్చి అడ్డుకోవాలి. వీక్‌సైడ్ (బంతి లేని వైపు) సహాయం ఆలస్యమైతే పైనుంచి లాబ్ పాసే.

జవాబు 3: ఆబర్న్ యూనివర్సిటీలో చార్ల్స్ బార్క్‌లీ అంతకంటే ఎత్తేం కాదు, అయినా ఎస్ఈసీ (ఆబర్న్ ఆడే కాన్ఫరెన్స్) రీబౌండ్లలో (తప్పిన షాట్ బంతి అందుకోవడంలో) ముందున్నాడు (అందరూ బార్క్‌లీలు కారులెండి). షాట్ లేవగానే ముందు ఒంటితో బాక్సౌట్ (అవతలివాణ్ణి వెనకే ఆపడం), తర్వాతే బంతి. అవతలి బెంచ్ సెంటర్ దిగినప్పుడు 10-12 నిమిషాలు ఫైవ్‌లో ఆడిస్తే చాలు.