‘ఓవర్‌స్టెప్’ పక్కన ‘దేన్ని’ ఉండాలా?

పర్లాకిమిడి గుమస్తా:
పైఆఫీసరుగారు పంపిన పట్టికలో కూడిక తప్పు. చెబితే ఏమనుకుంటారోనని మెయిలు చివర ‘ఐ హోప్ ఐ యామ్ నాట్ ఓవర్‌స్టెప్పింగ్’ అని తగిలించాను. కూడిక దిద్దుకున్నారు, నా వాక్యం కింద మాత్రం ఎర్రగీత గీసి ‘దేన్ని?’ అని తిప్పి పంపారు. కర్మ లేకుండా ఆ క్రియ వాడకూడదా? లేక నా కర్మా?

వ్యాకరణం పంతులు:
వాడకూడదు. లిమిట్స్‌నో, అథారిటీనో, మార్క్‌నో ఓవర్‌స్టెప్ చేస్తారు. మన ‘మీరడం’ కూడా అంతే: హద్దు మీరాడు, మాట మీరాడు. ఉత్త ‘మీరాను’ అంటే ‘మీరెవరండీ’ అంటారు. ఒడియావాళ్ల సీమా లంఘనలోనూ ముందు సీమ ఉండాల్సిందే.

పాతపట్నం పిల్ల:
పంతులుగారూ, ‘వీడు మరీ మీరిపోతున్నాడు’ అని మా అమ్మ తమ్ముణ్ణి రోజూ తిడుతుంది. దేన్ని అని వాడు కూడా అడగడు! క్రికెట్‌లో బౌలర్ ముందుకాలు పాపింగ్ క్రీజు పూర్తిగా దాటి పడితే ‘హీ హాజ్ ఓవర్‌స్టెప్డ్’ అని ఊరుకుంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోట్లాడిన ఊరివాళ్లకి నిఘంటువు చూపిస్తారేంటండీ.

వ్యాకరణం పంతులు:
గిడుగువారిని లాగకమ్మా. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన దాటిన గీత ఏదో అందరికీ తెలుసు. క్రీజూ అంతే, సున్నంతో గీసి ఉంటుంది. ఆఫీసులో గీత ఎక్కడుందో ఎవడికి తెలుసు? అందుకే చెప్పమంటున్నా.

పాతపట్నం పిల్ల:
చెప్పకపోవడమే దాని ఉపయోగమండీ. ‘గీత మీరే గీసుకోండి, నేను ఇవతలే ఉన్నాను’ అని పెద్దాయనకి వదిలేసినట్టు.

బరంపురం బాబాయి:
అమ్మాయి మాటే నాకు నచ్చింది, సగం వరకు. మన ఇళ్లలో ‘చనువు తీసుకుంటున్నాననుకోకండి’ అంటాం చూడండి, గుమస్తా రాసింది అదే. తన గురించి తను చెప్పుకున్నప్పుడు కర్మ లేకపోయినా చెల్లుతుంది. అదే ఇంకొకడి మీద మెమో రాస్తూ ‘హీ ఓవర్‌స్టెప్డ్’ అని వదిలేస్తే? ఏ అధికారం, ఏ రోజు, ఏ కాగితం మీద సంతకం పెట్టి మీరాడో రాయకపోతే అవతలివాడు దేనికని జవాబిస్తాడు పాపం! నా సర్వీసులో అలాంటి మెమో ఒకటి అందుకున్నాను. మూడు పేజీల సంజాయిషీ రాశాక తెలిసింది, వాళ్లడిగింది వేరే సంగతి.

పర్లాకిమిడి గుమస్తా:
అందరికీ దండాలు. ‘మై ప్లేస్’ అని చేర్చి మళ్లీ పంపాను. ఈసారి ‘ప్లేస్’ కింద గీత గీశారు.

వ్యాకరణం పంతులు:
బౌండ్స్ అనాలి నాయనా.