భార్య కెనడాలోనే ఉన్నప్పుడు స్పాన్సర్‌షిప్ ఇన్‌లాండ్‌లో పెట్టాలా, అవుట్‌లాండ్‌లో పెట్టాలా?

మిస్సిసాగా వాసి (చర్చ ప్రారంభం):

నేను కెనడాలో పర్మనెంట్ రెసిడెంట్‌ని. పెద్దలు కుదిర్చిన మా వివాహం గత ఏడాది గుంటూరులో జరిగింది. నా భార్య విజిటర్ వీసా మీద వచ్చి ప్రస్తుతం నాతోనే ఉంటోంది. ఆమె ఇక్కడ ఉండడానికి ఇచ్చిన గడువు మరో రెండు నెలల్లో ముగుస్తుంది. ఆమెకు పర్మనెంట్ రెసిడెన్సీ కోసం స్పాన్సర్‌షిప్ ఫారాలు నింపడం మొదలుపెట్టాం గాని, ఏ వర్గం కింద దరఖాస్తు చేయాలన్న దగ్గరే ఆగిపోయాం. హైదరాబాదులో మేము సంప్రదించిన ఒక కన్సల్టెంటు, ఇన్‌లాండ్ (కెనడా లోపలి) వర్గంలో పెడితేనే ఓపెన్ వర్క్ పర్మిట్, అంటే ఏ యజమాని దగ్గరైనా పనిచేసే అనుమతి, వస్తుందనీ, అవుట్‌లాండ్ అన్నది భార్య ఇండియాలో ఉన్నవారి కోసమేననీ గట్టిగా చెప్పారు. ఇక్కడి మిత్రులు అది పాత మాట అంటున్నారు. మా మామగారికి త్వరలో గుండె ఆపరేషన్ జరగవలసి ఉంది కనుక ఆమె మధ్యలో ఒకసారి గుంటూరు వెళ్లవలసి రావచ్చు. అనుభవజ్ఞులు ఏ వర్గం మేలో కారణాలతో సహా చెప్పవలసిందిగా మనవి.

స్కార్‌బరో పాఠకుడు:

మీ మిత్రులు చెప్పిందే సరైనది. వర్క్ పర్మిట్ గురించి ఆ కన్సల్టెంటు గారి మాట ఒకప్పుడు నిజమే. 2014 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలైన ఓపెన్ వర్క్ పర్మిట్ సదుపాయం ఇన్‌లాండ్ వర్గానికి, అంటే కెనడాలో స్పాన్సర్‌తో కలిసి ఉంటున్న జీవిత భాగస్వాముల వర్గానికి మాత్రమే ఉండేది. అందుకే ఆ రోజుల్లో భార్య ఉద్యోగం చేయాలంటే ఇన్‌లాండ్ తప్ప దారి లేదని అందరూ అనుకునేవారు. 2023 మేలో అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి షాన్ ఫ్రేజర్ ప్రకటించిన మార్పులతో, ఫ్యామిలీ క్లాస్ కింద, అంటే మనం అవుట్‌లాండ్ అని పిలిచే వర్గం కింద దరఖాస్తు చేసినవారు కూడా, కెనడాలో స్పాన్సర్‌తో ఒకే చిరునామాలో ఉంటూ, చెల్లుబాటయ్యే తాత్కాలిక హోదా కలిగి ఉంటే ఓపెన్ వర్క్ పర్మిట్‌కు అర్హులయ్యారు. కనుక వర్క్ పర్మిట్ కోసం ఇన్‌లాండ్ ఎంచుకోవలసిన అవసరం ఇప్పుడు లేదు.

ఆ కారణం తొలగిపోయాక మిగిలిన తేడాలు ముఖ్యంగా రెండు. మొదటిది ప్రయాణం. ఇన్‌లాండ్‌లో పెట్టిన మనిషి ఇండియా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ప్రవేశం దొరకకపోతే, కెనడాలో కలిసి ఉండాలన్న షరతే దెబ్బతిని దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు. అవుట్‌లాండ్ దరఖాస్తుకు ఆ ప్రమాదం లేదు. ఆమె ఎక్కడున్నా ఫైలు నడుస్తుంది. రెండవది అప్పీలు. అవుట్‌లాండ్ తిరస్కరిస్తే స్పాన్సర్ 30 రోజుల్లో ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లవచ్చు. ఇన్‌లాండ్‌లో ఆ హక్కు లేదు. ఫెడరల్ కోర్టును ఆశ్రయించడమే మిగులుతుంది. మామగారి ఆపరేషన్ కళ్లెదుట ఉండగా మీకు ఇన్‌లాండ్ ఎవరు సూచించినా నేను ఒప్పుకోను.

కాల్గరీ కృష్ణాతీరం:

పాఠకుడు గారి వాదనలో సగం నాకు సమ్మతమే, తక్కిన సగంలో భయం పాలు ఎక్కువగా కనిపిస్తోంది. అప్పీలు హక్కును అంత గొప్ప రక్షణగా చూపడం సరికాదు. ఆ విచారణ తేలేసరికి చాలా కాలం పడుతుంది. ఆ లోపు చాలామంది లోపాలు సరిదిద్దుకుని కొత్తగా దరఖాస్తు చేసి పని పూర్తి చేసుకుంటారు. నిజమైన కాపురం చేస్తున్న దంపతులు తిరస్కరణను ముందే ఊహించుకుని వర్గం ఎంచుకోవడం నాకు విచిత్రంగా తోస్తుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇన్‌లాండ్ ఫైలు కెనడాలోనే పరిశీలనకు వస్తుంది. అవుట్‌లాండ్ ఫైలు విదేశీ కార్యాలయానికి బదిలీ కావచ్చు, అక్కడ ఇంటర్వ్యూకు పిలవవచ్చు. 2023 అక్టోబరులో రెండు దేశాల మధ్య దౌత్య వివాదం వచ్చినప్పుడు ఇండియాలో కెనడా ఇమిగ్రేషన్ శాఖ (ఐఆర్‌సీసీ) సిబ్బంది 27 మంది నుంచి ఐదుగురికి తగ్గిన సంగతి మనం మరచిపోకూడదు. ఒకే ఇంటి అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర్ల మీద కరెంటు బిల్లు చూపగలిగిన వాళ్లకు ఇన్‌లాండ్ సూటి దారి.

ఎడ్మంటన్ తెలుగు:

అసలు 2025 జనవరి నుంచి స్పౌజ్ వర్క్ పర్మిట్లు ఆపేశారు కదా? మా ఆఫీసులో ఒక అబ్బాయి భార్యకు ఇవ్వలేదు. ఈ చర్చకు అర్థమేమిటో నాకు తెలియడం లేదు.

స్కార్‌బరో పాఠకుడు:

ఎడ్మంటన్ గారూ, మీరు చెబుతున్నది వేరే కోవ. 2025 జనవరి 21 నుంచి కట్టడి చేసింది అంతర్జాతీయ విద్యార్థుల, విదేశీ ఉద్యోగుల భార్యాభర్తలకు ఇచ్చే వర్క్ పర్మిట్లను. విద్యార్థి అయితే 16 నెలలు లేదా అంతకు మించిన మాస్టర్స్ కోర్సు, డాక్టరేట్, కొన్ని ఎంపిక చేసిన వృత్తి కోర్సులు చదువుతుండాలి. ఉద్యోగి అయితే నిర్ణీత వృత్తుల్లో పనిచేస్తూ, తన పర్మిట్‌లో ఇంకా 16 నెలలు మిగిలి ఉండాలి. మీ ఆఫీసు అబ్బాయికి బహుశా అదే అడ్డు తగిలి ఉంటుంది. పర్మనెంట్ రెసిడెంట్ లేదా పౌరుడు తన భార్యను స్పాన్సర్ చేసినప్పుడు వచ్చే వర్క్ పర్మిట్‌కు ఆ నిబంధనలతో సంబంధం లేదు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడే వీడియోలు మన తెలుగులో కోకొల్లలు, జాగ్రత్తగా చూడాలి.

కృష్ణాతీరం గారికి నా సమాధానం. ఇండియాలో సిబ్బంది తగ్గినప్పుడే ఐఆర్‌సీసీ మరో మాట కూడా చెప్పింది: ఇండియా నుంచి వచ్చే దరఖాస్తుల్లో 89 శాతం అప్పటికే వేరే దేశాల్లోని, కెనడాలోని కార్యాలయాల్లో పరిశీలనకు వెళ్తున్నాయని. కనుక ఢిల్లీ వీసా కార్యాలయం పేరు చెప్పి అవుట్‌లాండ్‌ను దూరం పెట్టనక్కరలేదు. ఇంటర్వ్యూకు పిలిచే అధికారం ఇన్‌లాండ్ అధికారికి కూడా ఉంది. ఇక అప్పీలు సంగతి. కాపురం నిజమైనదే అయినా, కాగితాల మీద అది అనుమానాస్పదంగా కనబడే అవకాశం మన పెళ్లిళ్లలో ఎక్కువ. వరుడు కొద్దిపాటి సెలవు మీద వచ్చి, పెళ్లిచూపులు, నిశ్చితార్థం, పెళ్లి ఒకే విడతలో ముగించుకుని తిరిగి వెళ్లిపోతాడు. తెలియని అధికారికి అది హోదా కోసం చేసుకున్న పెళ్లిలా తోచవచ్చు. అప్పీల్ డివిజన్‌లో కొత్త సాక్ష్యాలు చూపవచ్చు, ఇద్దరూ స్వయంగా మాట్లాడవచ్చు. ఫెడరల్ కోర్టులో అలా కాదు. ముందు కోర్టు అనుమతి పొందాలి, ఆపైన కూడా అధికారి నిర్ణయం సహేతుకమా కాదా అన్నదే చూస్తారు. ఈ తేడాను చిన్నదని నేను అనలేను.

హాలిఫాక్స్ ఇల్లాలు:

మీరిద్దరూ వర్గం గురించే వాదించుకుంటున్నారు గాని, నన్ను మావారు స్పాన్సర్ చేసినప్పుడు మాకు చెమటలు పట్టించింది వర్గం కాదండీ, ఫారాలు. రామేశ్వరం వెళ్లినా శనేశ్వరం వదలనట్టు, ఏ వర్గంలో పెట్టినా ఈ ఫారాలు తప్పవు. వాటిలో ఒక్కటి అసంపూర్తిగా ఉన్నా మొత్తం దరఖాస్తును వెనక్కి పంపేస్తారు. దరఖాస్తు అందినట్టు వాళ్లిచ్చే లేఖ లేనిదే వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేయలేం కనుక, ఒక ఖాళీ వదిలితే పోయేది సంపాదించుకోవలసిన నెలల జీతం.

ఐఎంఎం 1344 స్పాన్సర్‌షిప్ ఒప్పందం. మూడేళ్లు భార్య కనీస అవసరాలకు పూచీ పడుతున్నట్టు మీ సంతకం, ఆమె సంతకం రెండూ ఉండాలి. దీనికి ఇంత ఆదాయం ఉండాలన్న నియమం మామూలుగా లేదు. అది తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌కు ఉన్న షరతు, చాలామంది అనవసరంగా భయపడతారు. ఐఎంఎం 5669లో గత పదేళ్ల చరిత్ర నెలనెలా ఖాళీ లేకుండా రాయాలి. మన అమ్మాయిలు ఇక్కడే పొరబడతారు. బీటెక్ అయ్యాక పోటీ పరీక్షలకు ఇంట్లో కూర్చుని చదివిన ఏడాదిని, పెళ్లికి ముందు ఉద్యోగం మానేసిన నెలలను చెప్పుకోదగినవి కావని వదిలేస్తారు. ఉద్యోగం లేదని రాయడం తప్పు కాదు, రాయకపోవడమే తప్పు. హాస్టల్ చిరునామాలు సైతం తేదీలతో ఇవ్వాలి.

పేర్ల విషయంలో ఇంకా శ్రద్ధ అవసరం. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక కొందరికి భర్త ఇంటిపేరు చేరుతుంది. ఫారంలో వేరే పేర్లు అడిగిన చోట ఇవన్నీ రాసి, ఒక చిన్న వివరణ లేఖ జతచేస్తే తర్వాత ప్రశ్నలు రావు.

ఐఎంఎం 5532 మీ బంధం గురించినది. ఎక్కడ కలిశారు, ఎవరు పరిచయం చేశారు, ఏ వేడుకలు జరిగాయి, ఎవరెవరు వచ్చారు అని అడుగుతారు. చాలామంది మనవాళ్లు ‘పెద్దలు కుదిర్చిన సంబంధం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. పాఠకుడు గారు చెప్పిన అనుమానం పుట్టేది అక్కడే. సంబంధం ఎవరి ద్వారా వచ్చింది, పెళ్లిచూపులు ఏ ఊళ్లో జరిగాయి, నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య ఫోనులో ఎలా మాట్లాడుకున్నారు, ఎందుకు త్వరగా ముహూర్తం పెట్టుకోవలసి వచ్చింది అన్నది వరుసగా రాయండి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తీసుకున్న వివాహ ధృవీకరణ పత్రం తప్పనిసరి. తెలుగు శుభలేఖ పెట్టదలచుకుంటే ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం జతచేయాలి. ఆ అనువాదం మీ ఇంటివాళ్లు చేసింది చెల్లదు.

పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ ఇండియాదే సరిపోతుందనుకోవద్దు. గత పదేళ్లలో ఏ దేశంలోనైనా ఏకధాటిగా ఆరు నెలలు ఉంటే అక్కడిదీ కావాలి. దుబాయిలోనో సింగపూర్‌లోనో ఉద్యోగం చేసి వచ్చినవారు ఇది ముందుగా తెప్పించుకోవాలి.

కన్సల్టెంట్ల గురించి ఒక మాట. డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే మామూలుగా కెనడా న్యాయవాదో, క్యూబెక్ నోటరీయో, లేదా 2021 నవంబరులో ఏర్పడిన కన్సల్టెంట్ల నియంత్రణ సంస్థలో (పేరులో ‘కాలేజ్’ అని ఉంటుంది) సభ్యుడో అయి ఉండాలి. అలాంటివారి పేరు ఐఎంఎం 5476 ఫారంలో ప్రతినిధిగా రాస్తారు. ఆ ఫారం ఊసే ఎత్తకుండా మీ పాస్‌వర్డ్ అడిగి నింపుతామనేవారు ఎవరైనా సరే, వారు రాసిన అబద్ధానికి శిక్ష మీకే పడుతుంది. తప్పుడు సమాచారానికి ఐదేళ్ల నిషేధం ఉంది.

కాల్గరీ కృష్ణాతీరం:

హాలిఫాక్స్ అమ్మగారి మాటలకు తిరుగులేదు. వర్గం విషయంలో మాత్రం నా అభిప్రాయాన్ని కొంత కుదించుకుని నిలుపుకుంటాను. హోదా గడువు దాటిపోయినవారికి 2005 నుంచి అమల్లో ఉన్న ప్రత్యేక విధానం ఇన్‌లాండ్ వర్గానికే వర్తిస్తుంది. వాళ్లు అవుట్‌లాండ్ జోలికి పోకూడదు. ఇండియా వెళ్లే ఆలోచనే లేని దంపతులకు కూడా నేను ఇన్‌లాండే చెబుతాను. మిస్సిసాగా గారి విషయంలో ప్రయాణం తప్పదంటున్నారు కాబట్టి పాఠకుడు గారి పక్షానికి మొగ్గుతున్నాను. ముఖ్యంగా 2024 నవంబరు నుంచి దీర్ఘకాలిక మల్టిపుల్ ఎంట్రీ వీసా ఆనవాయితీగా ఇవ్వడం మానేశారు కనుక, ఆమె వీసా ఒకే ప్రవేశానికి ఇచ్చిందేమో, ఎప్పటివరకు చెల్లుతుందో టికెట్టు కొనకముందే చూసుకోండి. వర్క్ పర్మిట్ చేతిలో ఉన్నంత మాత్రాన అది వీసా కాదు. ఒకసారి పెట్టాక మధ్యలో వర్గం మార్చుకోవడం కుదరదని కూడా గుర్తుంచుకోండి. ఉపసంహరించుకుని మళ్లీ మొదటి నుంచి రావలసి ఉంటుంది.

మిస్సిసాగా వాసి:

అందరికీ కృతజ్ఞతలు. అవుట్‌లాండ్ వైపే నిర్ణయించుకున్నాం. ఒక సందేహం మిగిలింది. దరఖాస్తు అందినట్టు లేఖ వచ్చేలోపే ఆమె గడువు ముగిసిపోతే ఏం చేయాలి? వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టిన రోజు నుంచే ఆమె ఉద్యోగం చేయవచ్చా?

స్కార్‌బరో పాఠకుడు:

లేఖ కోసం ఎదురుచూస్తూ గడువు దాటనివ్వకండి. గడువు ముగియకముందే ఐఎంఎం 5708 ఫారంతో, 100 డాలర్లు కట్టి, విజిటర్‌గా ఉండే కాలాన్ని పొడిగించమని దరఖాస్తు చేయండి. నిర్ణయం వచ్చేవరకు ఆమె హోదా కొనసాగుతుంది. అయితే ఆ పొడిగింపు పెండింగులో ఉండగా దేశం దాటితే పరిస్థితి మారిపోతుంది కాబట్టి, గుంటూరు ప్రయాణాన్ని వీలైతే దీనికి ముందో, తర్వాతో పెట్టుకోండి. లేఖ వచ్చాక ఐఎంఎం 5710 ఫారంలో ఓపెన్ వర్క్ పర్మిట్ అని ఎంచుకుని, ఆ లేఖను, ఇద్దరూ ఒకే చిరునామాలో ఉన్నట్టు రుజువును జతచేయాలి. దీనికి రుసుము 155, ఓపెన్ పర్మిట్‌కు అదనంగా 100, మొత్తం 255 డాలర్లు. స్పాన్సర్‌షిప్ రుసుము వేరు. 2024 ఏప్రిల్ 30న పెంచినప్పుడు అది పర్మనెంట్ రెసిడెన్సీ హక్కు రుసుముతో కలిపి 1,205 డాలర్లు అయింది. పెట్టే రోజున వెబ్‌సైట్లో తాజా మొత్తం సరిచూసుకోండి.

ఉద్యోగం సంగతి: దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కుదరదు. విజిటర్‌గా ఉన్న మనిషికి కొనసాగేది విజిటర్ హోదాయే. పర్మిట్ మంజూరైన తర్వాతే పని. ఇంటి నుంచి ఏదో చిన్న పని చేసుకోవచ్చులే అని కెనడా యజమాని దగ్గర ముందే చేరితే, మీరు ఇంత జాగ్రత్తగా నింపిన ఐఎంఎం 5669లోని చరిత్రలో అనుమతి లేకుండా చేసిన ఆ పనిని కూడా రాయవలసి వస్తుంది.