రక్తం చూసి నవ్వొచ్చే క్రైమ్ నవలలు తెలుగులో ఉన్నాయా?

మొన్న రాత్రి ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో ‘ఫార్గో’ (1996) అనే ఇంగ్లీషు సినిమా చూశాం. చెట్ల కొమ్మలు ముక్కలు చేసే మిషన్‌లోంచి సాక్సు తొడిగిన కాలు బయటికి కనిపించేసరికి నాకు నవ్వాగలేదు. మా ఆవిడ టీవీ కట్టేసి, “మనిషి కాలు చూసి నవ్వేంటండీ, ఒంట్లో బాగానే ఉందా?” అంది.

అదే నాకూ అర్థం కావట్లేదు. కార్లమ్ముకునే మామూలు మనిషి డబ్బు కోసం సొంత భార్యనే కిడ్నాప్ చేయిస్తాడు, ప్లాన్ అడుగడుగునా తన్నేస్తుంది. ఘోరమే, కానీ ఆ తింగరితనం ఎక్కడో చూసినట్టే ఉంటుంది. మీకూ ఇలాగే నవ్వొస్తుందా? ఎందుకంటారు? (నిజంగా జరిగిన కథ అని మొదట్లో వేస్తారు, అదీ ఉత్తిదే!)

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ తెలివికి ముచ్చటపడ్డవాణ్ణే. ఇప్పుడు నాకు కావాల్సింది తెలివిలేని హంతకులు. అలాంటి తెలుగు నవలలుంటే పేర్లు చెప్పండి, అనువాదాలైనా పర్లేదు. బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ చదువుకుంటాను, ఇంట్లో ఎలాగూ కుదరదు.