సోషలిజం విడిగా ఒక వ్యవస్థా, కమ్యూనిజంలోనే మొదటి దశా?

చర్చ మొదలుపెట్టినవారు:
మొన్న మా స్టడీ సర్కిల్‌లో గట్టి వాదన జరిగింది. పెట్టుబడిదారీ వ్యవస్థ పోయాక సోషలిజం, ఆ తర్వాత కమ్యూనిజం అని ఇన్నాళ్లూ చదువుకున్నాను. మార్క్స్ అలా రెండు వ్యవస్థలుగా విడదీయలేదని, ఆ పని తర్వాతివాళ్లు చేశారని ఒక మిత్రుడు అన్నాడు. ఏది నిజం? ఇది ఒట్టి మాటల తేడాయేనా?

ఖమ్మం పాఠకుడు:
మీ మిత్రుడు చెప్పింది నిజమే. 1875లో జర్మన్ కార్మిక పార్టీ గోథా పట్టణంలో పెట్టబోయే కార్యక్రమ ముసాయిదాను విమర్శిస్తూ ('గోథా విమర్శ' అంటే ఇదే) మార్క్స్ రాసింది కమ్యూనిస్టు సమాజపు మొదటి దశ, ఉన్నత దశ అనే. మొదటి దశలో పనిని బట్టి, ఉన్నత దశలో అవసరాన్ని బట్టి పంపకం. పెట్టుబడిదారీ సమాజం కమ్యూనిస్టు సమాజంగా మారే సంధికాలంలో రాజ్యం, అంటే ప్రభుత్వ యంత్రాంగం, శ్రామికవర్గ నియంతృత్వంగా, అంటే అధికారం శ్రామికవర్గం చేతిలో ఉండే పాలనగా ఉంటుందన్నాడు. ఆ మొదటి దశనే మామూలుగా సోషలిజం అంటున్నారని లెనిన్ 1917లో 'రాజ్యం-విప్లవం'లో రాశాడు. అందరికీ అర్థమయ్యే పేరు వాడితే తప్పేముంది?

వేపచెట్టు:
పేరుతో నాకు పేచీ లేదండి. ఆ పేరు చాటున రాజ్యం ఏమైందన్నదే నా బాధ.

గోథా విమర్శలో అందరూ దాటేసే చోటు ఒకటుంది. కార్మికుడికి తన శ్రమ ఫలం మొత్తం చేతికి రాదని మార్క్స్ అక్కడ లెక్క వేసి చూపిస్తాడు. అరిగిపోయిన యంత్రాలకు కొంత, ఉత్పత్తి పెంచడానికి కొంత, ప్రమాదాలకు, ప్రకృతి విపత్తులకు కొంత ముందే తీసి పక్కన పెట్టాలి. మిగిలినదాంట్లోంచి పరిపాలన ఖర్చు, బడులు, వైద్యం, పనిచేయలేనివాళ్ల పోషణ. పరిపాలన ఖర్చు మొదటి నుంచే బాగా తగ్గుతుందని, కొత్త సమాజం ఎదిగేకొద్దీ ఇంకా తగ్గుతూ పోతుందని, బడులకూ వైద్యానికీ వెళ్లే భాగం పెరుగుతూ పోతుందని అంటాడు. సంధికాలం ముందుకు నడుస్తోందా లేదా అని చూసుకోవడానికి నాకు ఇంతకన్నా మంచి కొలత కనబడలేదు.

1936లో సోవియట్ యూనియన్‌లో సోషలిజం ప్రధానంగా నిర్మాణమైపోయిందని స్టాలిన్ ప్రకటించాడు. 1939 పార్టీ మహాసభలో, చుట్టూ పెట్టుబడిదారీ దేశాలు ఉన్నంతకాలం కమ్యూనిజంలో కూడా రాజ్యం ఉంటుందన్నాడు. మార్క్సిస్టు సిద్ధాంతం ప్రకారం క్రమంగా కరిగిపోవాల్సిన రాజ్యానికి కమ్యూనిజంలోనూ చోటిచ్చాక, ఇక ఏ దశ నుంచి ఏ దశకు వెళ్తున్నట్టు?

ఖమ్మం పాఠకుడు:
మీరు కాలాన్ని పక్కన పెట్టి మాట్లాడుతున్నారు. విప్లవం నాటికి రష్యాలో జనాభాలో దాదాపు ఐదింట నాలుగు వంతులు పల్లెల్లోనే ఉండేవాళ్లు. అంతర్యుద్ధం, బయటి సైన్యాలు, కరువు. 1941లో హిట్లర్ దాడి. రాజ్యాన్ని కుదించుకుని ఉంటే ఆ దాడిని ఎవరు ఆపేవాళ్లు? ఏ సమాజంలోనైనా హక్కులు దాని ఆర్థిక స్థాయిని మించి ఉండలేవని చెప్పింది కూడా అదే గోథా విమర్శ కదా.

వేపచెట్టు:
ఒప్పుకుంటాను. యుద్ధం ముంచుకొస్తుంటే సైన్యం వద్దనే మూర్ఖత్వం నాకు లేదు. కానీ వెనక్కి తగ్గినప్పుడు ఆ మాట పైకి చెప్పడం ఒకటి, దాన్నే గెలుపని చాటడం ఇంకొకటి. 1871లో పారిస్ కార్మికులు కొద్దికాలం నడిపిన ప్రభుత్వం, పారిస్ కమ్యూన్, అధికారుల జీతాన్ని కార్మికుల స్థాయికి దించాలని చూసింది. 1918 ఏప్రిల్‌లో నిపుణులకు పెద్ద జీతాలివ్వాల్సి వచ్చినప్పుడు, ఇది కమ్యూన్ సూత్రం నుంచి వెనకడుగేనని లెనిన్ దాచకుండా రాశాడు. 1931కి వచ్చేసరికి స్టాలిన్ వేతన సమానతనే తప్పుబట్టాడు. వెనకడుగు అన్న మాటే మాయమైంది. నాకు నొప్పి అక్కడే.

1961లో, కృశ్చేవ్ నాయకత్వంలో సోవియట్ పార్టీ పెట్టుకున్న కార్యక్రమం చూడండి. 1980 నాటికి కమ్యూనిజం ప్రధానంగా నిర్మిస్తామన్నారు. అందులో ఉక్కు, కరెంటు లక్ష్యాలకు టన్నుల్లో, యూనిట్లలో లెక్కలున్నాయి. కార్మికుడు తన మేనేజరును ఎప్పుడు ఎన్నుకుంటాడు, ఎప్పుడు దించగలడు అన్నదానికి తేదీ లేదు. ఆ గడువు రాకముందే, కృశ్చేవ్ తర్వాత వచ్చిన బ్రెజ్నెవ్ కాలంలో 'అభివృద్ధి చెందిన సోషలిజం' అనే ఇంకో మెట్టు కట్టారు. 1977 రాజ్యాంగంలో కూడా అది చేరింది.

చర్చ మొదలుపెట్టినవారు:
ఇద్దరికీ థాంక్స్. ఆ మినహాయింపుల లెక్క నేనూ చదివాను, కానీ పరిపాలన ఖర్చు తగ్గాలన్న వాక్యం మీద ఎప్పుడూ ఆగలేదు. వచ్చే ఆదివారం మావాళ్లతో ఆ పేజీయే ముందు చదివిస్తాను. ఖమ్మం పాఠకుడు గారూ, ఒక్క సందేహం మిగిలింది: 1945లో యుద్ధం గెలిచాక కూడా రాజ్యం ఎందుకు కుదించుకుపోలేదంటారు?