నాన్నగారికి బటన్ల పాటల ప్లేయరు: ఏది కొనాలి, లాప్‌టాప్‌లోని పాటలు ఎలా ఎక్కించాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

నమస్కారం. మాది ఒడిశా, గజపతి జిల్లా పర్లాకిమిడి. మా నాన్నగారికి 81 ఏళ్లు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. అమ్మ పాడిన మంగళహారతులు, తలంటు పాటలు, అప్పగింతల పాటలు 14 క్యాసెట్లలో ఉన్నాయి. అన్నీ 60 నిమిషాలవే. ఒకప్పుడు నాన్నగారే మధ్యాహ్నం పూట అమ్మను కూర్చోబెట్టి రికార్డు చేసేవారు. పోయిన దసరా సెలవుల్లో మా మేనల్లుడు టేప్‌రికార్డరుకి వైరు తగిలించి అన్నిటినీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి వెళ్లాడు. వైపుకి ఒక ఫైలు చొప్పున మొత్తం 28 వేవ్ ఫైళ్లు (శబ్దాన్ని కుదించకుండా దాచే రకం), దాదాపు 9 జీబీ.

ఫోన్‌లో వేసి ఇచ్చాను. రెండు రోజులు విన్నారు. మధ్యలో ఎవరిదో కాల్ వస్తే పాట ఆగిపోతుంది. మళ్లీ ఎక్కడ నొక్కాలో తెలియక ఫోన్ పక్కన పెట్టేసి కళ్లు మూసుకుని కూర్చుంటారు. నన్ను పిలవరు. అడిగితే "పనిలో ఉన్నావు కదమ్మా" అంటారు. శుక్లాల ఆపరేషన్ అయినా చిన్న అక్షరాలు కనిపించవు. చేయి వణుకుతుంది, తెర మీద ఒకటి నొక్కబోతే ఇంకోటి నొక్కుకుంటుంది.

అందుకని గట్టి బటన్లుండి, చొక్కా జేబులో పట్టే ప్లేయరు ఒకటి చూస్తున్నాను. ఎంత మెమరీ ఉన్నది తీసుకోవాలి? పాటలు ఎలా ఎక్కించాలి?

ఇంకో చిక్కుంది. అమ్మ చదివింది ఒడియా బడిలో. పాటలు తెలుగువే అయినా క్యాసెట్ల మీద పేర్లు ఒడియా అక్షరాల్లో రాసుకుంది. వాటి కింద నాన్నగారు తెలుగులో రాశారు. ఫైళ్లకు కూడా ఆ రెండూ అలాగే పెట్టాలని ఉంది. ప్లేయర్లో ఆ అక్షరాలు వస్తాయా?

జవాబు 1 (బరంపురం)

అక్కా, మా తాతగారికి కారవాన్ కొన్నాం. బటన్లు పెద్దవి, పాత పాటలు అందులోనే ఉంటాయి, మన పాటలకు పెన్‌డ్రైవ్ పెట్టుకునే చోటు ఉంది. కానీ అది బల్ల మీద పెట్టుకునే రేడియో అంత ఉంటుంది, జేబులో పట్టదు. ఆయన వీధి అరుగు మీదా పెరట్లోనూ తిరుగుతూ వింటారంటే పనికిరాదు.

పాత ఐపాడ్ ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి. 2022లో యాపిల్ వాటి తయారీ ఆపేసింది. పైగా ఫైలు తీసుకెళ్లి అందులో పడేస్తే పాట రాదు, కంప్యూటర్లో ఐట్యూన్స్ లాంటి యాపిల్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని దాని ద్వారానే ఎక్కించాలి.

జవాబు 2 (రాయగడ)

అక్కా, నాకు ఇక్కడ చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. ఇలాంటివి రోజూ చూస్తుంటాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు మెమరీ సంగతి. టెన్షన్ పడకండి, మీకు చాలా తక్కువ చాలు. వేవ్ ఫైలు గంటకు సుమారు 635 ఎంబీ తింటుంది. అమ్మగారి గొంతు ఒక్కటే, వెనక వాయిద్యాలు లేవు కాబట్టి ఎంపీ3గా కుదించి, మోనో (రెండు చెవులకూ ఒకటే ధ్వని), 64 కేబీపీఎస్ (సెకనుకు 64 కిలోబిట్లు) పెట్టినా చక్కగా ఉంటుంది. అప్పుడు గంటకు 29 ఎంబీ, మీ 14 గంటలూ కలిపి 400 ఎంబీ పైచిలుకు. 4 జీబీ ప్లేయరులో కూడా ఇంకా బోలెడు చోటు మిగులుతుంది. షాపులో 128 జీబీ కార్డు అంటగట్టబోతే వద్దనండి. చవకగా వచ్చే పెద్ద కార్డుల్లో నకిలీలు చాలా ఉంటాయి. కంప్యూటర్‌కి 128 అని చూపిస్తాయి గానీ లోపల ఉండేది ఏ 8 జీబీయో. అది నిండాక ఎక్కించిన పాటలు పేర్లుంటాయి, మోగవు.

కొనేటప్పుడు ప్లేయరు చేతిలోకి తీసుకుని చూడండి. కళ్లు మూసుకుని ఆపడం, ముందుకు వెళ్లడం, సౌండ్ పెంచడం మూడూ వేలితో తడిమి చేయగలిగితేనే తీసుకోండి. పక్కన హోల్డ్ అని జరిపే మీట ఉంటే చాలా మంచిది. అది లేకపోతే జేబులో బటన్ నొక్కుకుని పాట మారిపోతుంది. కంప్యూటర్‌కి తగిలిస్తే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకోవాలి. శాన్‌డిస్క్ క్లిప్ జామ్ లాంటివి ఆ రకమే: ఫైళ్లు కాపీ చేసి పేస్ట్ చేస్తే చాలు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

కార్డు వేస్తే 32 జీబీ దాటనివ్వకండి. 64 జీబీ నుంచి పైవి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి, చిన్న ప్లేయర్లు చాలావరకు దాన్ని చదవవు. 32 లోపువి ఫ్యాట్32లో ఉంటాయి, గొడవ లేదు. ఎక్కించాక వైరు లాగేసే ముందు కంప్యూటర్లో ఎజెక్ట్ నొక్కండి. నా దగ్గరకు చెడిపోయి వచ్చే కార్డుల్లో సగం ఇది చేయకపోవడం వల్లే.

అక్షరాల సంగతి మాత్రం బాధగానే చెప్పాలి. చిన్న ప్లేయర్లలో సాధారణంగా తెలుగూ రాదు, ఒడియా కూడా రాదు. రెంటికీ గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలే పెట్టుకోవాలి.

జవాబు 3 (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

అమ్మా, మాది మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డు. మా ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా బాపు చెప్పిన ఒగ్గుకథల క్యాసెట్లను నేనూ ఇలాగే మా అవ్వ కోసం ఎక్కించాను. ఆమెకు ఏ లిపీ రాదు. అందుకని ప్రతి ఫైలు మొదట్లో నా గొంతుతో పేరు చెప్పి అతికించాను: "ఇది మల్లన్న కథ, రెండో భాగం." నాలుగు సెకన్లు, అంతే. అవ్వ తెర చూడదు. ముందుకు నొక్కుతూ పోతుంది, కావలసిన పేరు చెవిన పడగానే ఆగుతుంది. మీరూ అదే చేయండి. అమ్మగారు ఒడియాలో రాసిన పేరును మీరు చదివి చెబితే, మీ నాన్నగారికి అది వినిపిస్తుంది కదా.

ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా అవుతుంది. అరగంట ఫైలును అలాగే ఉంచకండి. చాలా ప్లేయర్లు ఆపేసి మళ్లీ ఆన్ చేస్తే ఎక్కడ ఆగామో మరిచిపోయి ఫైలు మొదటికి వెళ్తాయి. పాటకో ఫైలు చేస్తే పోయేది మూడు నాలుగు నిమిషాలే. ఎంపీ3గా మార్చేటప్పుడు కాన్‌స్టంట్ (పాటంతా సెకనుకు ఒకే కొలత) అన్నది ఎంచుకోండి. వేరియబుల్ పెడితే కొన్ని ప్లేయర్లలో టైము తప్పు చూపిస్తుంది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండు చెవుల్లోనూ వస్తుందో లేదో చూడండి. పాత టేప్‌రికార్డరు నుంచి ఎక్కిస్తే ఒక్క పక్కే రావడం మామూలే. అలా ఉంటే స్టీరియోను విడదీసి, ఖాళీ ట్రాకు తీసేసి, మిగిలినదాన్ని మోనోగా ఉంచాలి.

నాయిస్ రిడక్షన్ (వెనక గరగర తగ్గించేది) మాత్రం బాగా కొంచెంగా వాడండి. నేను మొదటిసారి ఎక్కువ పెట్టేశాను, బాపు నీళ్లలోంచి మాట్లాడినట్టు అయింది. మళ్లీ అసలు ఫైలు నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. పాటకు ముందు దగ్గు, గాజుల చప్పుడు, పక్కింటి కోడి కూత, ఏవీ కత్తిరించకండి. వేవ్ ఫైళ్లు కూడా చెరిపేయకండి. వేరే హార్డ్‌డిస్క్‌లో ఇంకో కాపీ ఉంచండి.

ప్రశ్న అడిగినవారు (పర్లాకిమిడి)

మూడు వారాలు పట్టింది, అందరికీ దండాలు. గుణుపూర్ పాసింజరులో శ్రీకాకుళం వైపు వెళ్లిన మా అన్నయ్య 8 జీబీ ప్లేయరు తెచ్చాడు. హోల్డ్ మీట ఉంది. నాన్నగారి బొటనవేలు అంత బటన్లు.

సిరోంచ బాబాయ్ గారూ, మీరన్నట్టే పాట ఎడమ పక్కనే వస్తోంది. ఇన్నాళ్లూ నాన్నగారు తన కుడి చెవి పూర్తిగా పోయిందనుకున్నారట! ఫోన్‌లో విన్నప్పుడే అలా అనిపించిందట, నాకు చెప్పలేదు. మోనో చేసి ఇచ్చాక కుడి చెవి మీద చేయి పెట్టుకుని కాసేపు అలాగే విన్నారు.

రాత్రిళ్లు కూర్చుని 28 ఫైళ్లను 163 పాటలుగా విడదీశాను. పేర్లు చెప్పి అతికించాను. మూడో క్యాసెట్‌లో గౌరీ హారతికి ముందు కుక్కర్ విజిల్ వస్తుంది, అమ్మ "ఉండండి, దింపేసి వస్తాను" అంటుంది, నాన్నగారు "టేపు తిరుగుతోందే" అంటారు. అది కూడా హారతిలోనే ఉంచేశాను.

ఒక్క ఇబ్బంది. అంకెలు వేసి పేర్లు పెట్టినా ప్లేయర్లో పాటలు వరసగా రావడం లేదు. 1 తర్వాత 40, ఆ తర్వాత 7 వస్తున్నాయి. రెండోది, 11వ క్యాసెట్ రెండో వైపు శబ్దం దుప్పటి కప్పినట్టుంది. మొదటి వైపు బాగుంది.

జవాబు 2 (రాయగడ)

అక్కా, చిన్న ప్లేయర్లు చాలావరకు పేరును బట్టి కాదు, మెమరీలోకి ఏది ముందు వచ్చి చేరిందో ఆ వరసలో వాయిస్తాయి. అన్నీ ఒకేసారి లాగి వేస్తే ఆ వరస తారుమారవుతుంది. ప్లేయరులోవి మొత్తం చెరిపి, 001, 002, 003 అని మూడంకెలతో పేర్లు మార్చి, క్యాసెట్‌కో ఫోల్డరు చేసి, ఒక ఫోల్డరు పూర్తయ్యాక ఇంకోటి కాపీ చేయండి.

జవాబు 3 (సిరోంచ)

అమ్మా, క్యాసెట్ అంచున, టేపు వెనకాల సన్నని రాగి రేకు మీద చిన్న ఉన్ని ముక్క ఉంటుంది. టేపును హెడ్‌కి (టేపులోని శబ్దాన్ని చదివే భాగానికి) నొక్కి పట్టేది అదే. అది ఊడితే ధ్వని మూసుకుపోయినట్టు అవుతుంది. కానీ అలాగైతే రెండు వైపులా అవ్వాలి. మీకు ఒక్క వైపే కాబట్టి ముందు టేప్‌రికార్డరు హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. ఆ వైపు ఎక్కించే సమయానికి హెడ్‌కి మురికి పట్టి ఉండొచ్చు. బాగా ఆరాక క్యాసెట్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి పూర్తిగా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు ఆ వైపు ఒక్కటే మళ్లీ ఎక్కించండి.

ప్రశ్న అడిగినవారు (పర్లాకిమిడి)

హెడ్ తుడిస్తే దూది గోధుమరంగుకి తిరిగింది. ఆదివారం మేనల్లుడు వస్తున్నాడు, ఇద్దరం కలిసి మళ్లీ ఎక్కిస్తాం. ఆ వైపు ఉన్నది మా అక్క పెళ్లికి అమ్మ పాడిన అప్పగింతల పాట. నాన్నగారు ఇప్పటికే రెండుసార్లు అడిగారు.