సీసీఆర్ విడిపోవడానికి అసలు కారణం 'మార్డీ గ్రా'నేనా?

ఆరోతీగ:
అమెరికన్ రాక్ బ్యాండ్ క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ (సీసీఆర్) వాళ్లు 1969 ఒక్క ఏడాదిలోనే మూడు ఆల్బమ్‌లు ఇచ్చారు: 'బేయూ కంట్రీ', 'గ్రీన్ రివర్', 'విల్లీ అండ్ ద పూర్ బాయ్స్'. 1972 అక్టోబరుకల్లా బ్యాండే లేదు. అందరూ నెపం చివరి ఆల్బమ్ 'మార్డీ గ్రా' మీదకే నెడతారు. వరసపెట్టి వింటే మాత్రం దానికి ముందరి ఆల్బమ్ 'పెండ్యులమ్' దగ్గరే ఏదో తేడా కొడుతోంది. అసలెప్పుడు చెడింది? ఇంకోటి, వాళ్ల 'బ్యాడ్ మూన్ రైజింగ్' పాటని గిటార్ మీద డీ కార్డుతో వాయిస్తే రికార్డులో ఉన్న బరువు రావట్లేదు. ఎందుకు?

రాత్రిబండి:
మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. 'మార్డీ గ్రా' 1972 ఏప్రిల్‌లో వచ్చింది. బ్యాండ్‌లో గిటార్ వాయించే టామ్ ఫోగర్టీ అంతకు ఏడాది ముందే, 1971 మొదట్లోనే వెళ్లిపోయాడు. 'పెండ్యులమ్' (1970 డిసెంబరు) ఆయన వాయించిన చివరి ఆల్బమ్.

దీని మూలం ఇంకా వెనక ఉంది. కాలిఫోర్నియాలోని ఎల్ సెరిటోలో జాన్ ఫోగర్టీ, డగ్ క్లిఫర్డ్ (డ్రమ్స్), స్టూ కుక్ (బేస్) స్కూల్లో ఉండగానే బ్యాండ్ కట్టారు. జాన్‌కి అన్నయ్య టామ్. మొదట్లో ముందు నిలబడి పాడింది ఆయనే, అప్పటి రికార్డుల మీద ఉన్నదీ ఆయన పేరే. గాలివాగ్స్ అన్న పేరుతో ఉన్న రోజుల్లో పాట తమ్ముడి గొంతులోకి మారింది, టామ్ రిథమ్ గిటార్‌కి పరిమితమయ్యాడు. 1968లో 'సూజీ క్యూ' అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్‌లో 11వ స్థానం దాకా వెళ్లాక రాయడం, పాడడం, అరేంజ్‌మెంట్, ప్రొడక్షన్, చివరికి వ్యాపారం మాటలు కూడా జాన్ చేతిలోనే. కొన్ని నెలలు పాట రాకపోతే జనం మర్చిపోతారన్నది జాన్ భయం. అందుకే ఆగకుండా సింగిల్స్ (వైపుకో పాట ఉండే చిన్న రికార్డులు), అదీ రెండు వైపులా గట్టి పాటలతో: 'బ్యాడ్ మూన్ రైజింగ్' వెనక 'లోడై', 'డౌన్ ఆన్ ద కార్నర్' వెనక 'ఫార్చునేట్ సన్'. బిల్‌బోర్డ్‌లో ఐదు సింగిల్స్ 2వ స్థానం దాకా వెళ్లాయి, ఒక్కటీ 1కి చేరలేదు.

ఆ వేగం ఒక్కడి మాటే చెల్లుబాటయితే తప్ప రాదు. అదే బ్యాండ్‌ని పైకి తెచ్చింది, అదే మిగతా ముగ్గురికీ ఊపిరాడనివ్వలేదు. 'పెండ్యులమ్'కి ముందరి ఆల్బమ్ 'కాస్మోస్ ఫ్యాక్టరీ'లో ఏడు నిమిషాల 'ర్యాంబుల్ ట్యాంబుల్' వినండి: పాట మధ్యలో వేగం పడిపోయి, ఒకే గిటార్ వరస మీద మెల్లగా పేరుకుంటూ మళ్లీ మొదటి పరుగులోకి వస్తుంది. నలుగురూ కలిసి ఒక్క ఊపిరి తీసినట్టు ఉంటుంది. 'పెండ్యులమ్'లో ఆర్గన్, శాక్సోఫోన్ చాలావరకు జాన్ స్వయంగా వాయించి కలిపినవే. మీకు కొట్టిన తేడా అదే.

పాతసూది:
రాత్రిబండి గారితో ఒక్క చోట విభేదిస్తాను. చెడింది ముందే అయినా, కోలుకునే దారి మూసింది మాత్రం 'మార్డీ గ్రా'నే. టామ్ స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. పది పాటల్లో జాన్ పాడినవి నాలుగు (ఒకటి పాత పాట), స్టూ మూడు, డగ్ మూడు. సమాన వాటా వాళ్లే అడిగారని జాన్ అంటాడు, జాన్ పంతం పట్టి నెత్తిన రుద్దాడని వాళ్లిద్దరూ అంటారు. ఎవరి మాట నిజమైనా, అన్నాళ్లూ డ్రమ్స్, బేస్ మీదే ఉన్నవాళ్లను ఒక్కసారిగా మైకు ముందు నిలబెడితే ఏమవుతుందో రికార్డులో వినిపిస్తుంది. వాళ్ల తప్పని నేననను.

ఇక వాళ్ల రికార్డు కంపెనీ ఫాంటసీ రికార్డ్స్‌తో ఒప్పందం. పాటల పబ్లిషింగ్ హక్కులు కంపెనీవి. ఆ ఒప్పందం నుంచి బయటపడడానికి జాన్ సీసీఆర్ రికార్డుల మీద తన రాయల్టీ కూడా వదులుకున్నాడు. 1984 చివర్లో ఆయన సోలో పాట 'ది ఓల్డ్ మ్యాన్ డౌన్ ద రోడ్' వస్తే, అది సీసీఆర్ పాట 'రన్ త్రూ ద జంగిల్'కి నకలని కంపెనీ దావా వేసింది. రెండూ రాసింది ఆయనే! 1988లో కోర్టులో గిటార్ పట్టుకుని వాయించి చూపించి గెలిచాడు. లాయర్ ఖర్చుల తగువు 1994లో అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది, అక్కడా తీర్పు ఆయన వైపే. 1993లో బ్యాండ్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు వేదిక మీద స్టూ, డగ్‌లతో కలిసి వాయించనన్నాడు. టామ్ అప్పటికే, 1990లో, పోయాడు.

బిగింపు:
గిటార్ సంగతి నేను చెబుతా. 'బ్యాడ్ మూన్ రైజింగ్'కి జాన్ తన లెస్ పాల్ గిటార్ ఆరు తీగల్నీ ఒక పూర్తి స్వరం కిందికి దించాడు: కింది నుంచి డీ, జీ, సీ, ఎఫ్, ఏ, డీ. అందుకే చేతులు ఈ, బీ, ఏ కార్డులు పడితే డీ, ఏ, జీ మోగుతాయి. మామూలు ట్యూనింగ్‌లో డీ కార్డు పడితే శ్రుతి సరే, కానీ వాడేది పై నాలుగు తీగలే. లావు తీగ మోగదు, బరువు పోయేది అక్కడే.

009 సెట్ (సన్న) తీగల్ని అలాగే దించితే వదులై ఫ్రెట్లకు తగిలి జుయ్యిమంటాయి. కాస్త లావైన 011 సెట్ వేయండి. కావలసిన స్వరం కన్నా కాస్త కిందికి వదిలి, అక్కణ్నుంచి బిగిస్తూ పైకి రండి. పైనుంచి దించి ఆపేస్తే రెండో చరణానికల్లా శ్రుతి జారుతుంది. ఆరూ దించాక మొదటి తీగ మళ్లీ చూసుకోండి, మెడ మీద లాగుడు తగ్గి అది కొంచెం పెరిగి ఉంటుంది.

ఆరోతీగ:
011 వేసి చూస్తా. 'బార్న్ ఆన్ ద బేయూ' మొదట్లో ఆ వణుకు కూడా ట్యూనింగ్ వల్లేనా?

బిగింపు:
కాదండి, అది కస్టమ్ (Kustom) కంపెనీ యాంప్‌లోని ట్రెమొలో, అంటే శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండే ఎఫెక్ట్. ఈ7 కార్డు పట్టి, ఆ వణుకు వేగాన్ని డ్రమ్స్ నడకకి సరిపెట్టండి. కొంచెం తేడా ఉన్నా దరువు తప్పినట్టే వినిపిస్తుంది.